పుట్టుకనాటి తూకము, నడివయస్సునాటి వ్యాధి



మనుష్యునికి నలువదియేండ్లకో ఏబదియేండ్లకో వచ్చు వ్యాధి యొక్క మొదలు వెదకుచు, వైద్యులు తల్లిగర్భము వఱకు వెనుకకు నడచిన కథను నేడు మీకు చెప్పదలచితిని. ఈ కథలో కొంతభాగము ఇంగ్లండులోను, కొంతభాగము మైసూరులోను జరిగినది. ముఖ్యమైన ఘట్టము మాత్రము మన తెలుగుపల్లెలలోనే, హైదరాబాదు నగరపు చుట్టుపట్ల జరిగినది. దానిని మనవారు తగినంతగా ఎఱుగరన్నది నా మనస్సులోని కొఱత.

నేను వైద్యుడను గాను. గోదావరిఖనిలో పెరిగి, పాఠశాలలో చరిత్ర బోధించుచు బ్రదుకువాడను. చరిత్ర చెప్పువానికి కాగితములపై మక్కువ యెక్కువ. మా నేల క్రింది బొగ్గునకు ఎంత చక్కని కాగితములున్నవో చూడుడు. డాక్టరు విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1871లో యెల్లందు సమీపమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడెను. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు దాల్చెను. 1945లో నిజాము ప్రభుత్వము దానిని తన వశము చేసికొనెను. గోదావరి యొడ్డున మా రామగుండము వైపునకు గనులు వచ్చినది 1960 ప్రాంతమున. ఏ పొర ఎంత లోతున నున్నదో, ఎన్ని అడుగుల మందమో, అన్నియు పటములలో వ్రాసియున్నవి. బొగ్గునకు జాతకమున్నది. బొగ్గు త్రవ్విన మనుష్యునికి మాత్రము, పనిలో చేరిన నాటినుండియే జాతకము ఆరంభమగును. అంతకు ముందటి యిరువది యేండ్లు తెల్లకాగితము.

మా తండ్రిగారిని మేము బాపు అని పిలిచెడివారము. ఆయన మంథని వైపు పల్లెనుండి 1960 దశాబ్దము చివర బాయి పనికి వచ్చెను. చేర్చుకొనుటకు ముందు దేహపరీక్ష జరిగినది. వయస్సెంత యని వైద్యుడడుగగా బాపు, “పెద్దగోదారి వచ్చిన యేడు నడక నేర్చితినట, దొరా” అనెను. ఏ పెద్దగోదారి? గోదావరికి పెద్దవి ఎన్నియో వచ్చినవి. వైద్యుడు నవ్వి, పండ్లు చూచి, మీసములు చూచి, 22 అని వ్రాసికొనెను. ఆ దినమునుండి బాపునకు అదియే వయస్సు. 1952లో గనుల చట్టము వచ్చిన తరువాత నియమములు క్రమముగా పెరిగి, గనిలో పనిచేయువానికి ఐదేండ్లకొకమాఱు దేహపరీక్ష జరుపవలెనని యేర్పడినది. ఎదురొమ్మునకు ఎక్స్‌రే తీయించుకొని వచ్చి బాపు, “ఫోటో దిగి వచ్చితిని” అనెడివాడు. ఆ ఫోటోలలో ఆయన ముఖము ఉండదు, ఊపిరితిత్తులే యుండునని మా అవ్వ పరిహసించెడిది. మావైపు తల్లిని అవ్వ యందుమని తెలియనివారు మన్నింతురు గాక.

పని విరమించిన కొన్నేండ్లకు బాపునకు ఆయాసము పట్టుకొనెను. పట్టణమున ఒక వైద్యుని యొద్దకు గొనిపోతిని. ఆయన అడిగినవి మూడు ప్రశ్నలు. బొగ్గుధూళిలో ఎన్నేండ్లు పనిచేసితివి? దినమునకెన్ని బీడీలు? చిన్నతనమున ఊపిరితిత్తులకు జబ్బు చేసినదా, పుట్టినప్పుడు బలముగా నుంటివా? మొదటి ప్రశ్నకు కాగితముల కట్ట యున్నది. రెండవదానికి అవ్వ సాక్ష్యమున్నది. మూడవ ప్రశ్నకు మా యింట ఎవ్వరును సమాధానము చెప్పలేకపోయిరి. చెప్పగలిగిన మా నాయనమ్మ చనిపోయి చాలకాలమాయెను. ధూళి యెంత చెఱచినదో, బీడీ యెంత చెఱచినదో, పసితనపు దుర్బలత యెంత చెఱచినదో విడదీసి చెప్పుటకు వీలుగాక, వైద్యుడు మందులు వ్రాసి పంపెను. బాపు ఆ ఆయాసముతోడనే వెళ్లిపోయెను. మూడవ ప్రశ్న మాత్రము నన్ను వదలలేదు.

నా సంగతి వేఱు. నేను బాయి దిగలేదు, బీడీ ముట్టలేదు, దేహము సన్నని దేహము. అయినను నలువదిరెండవ యేట నాకు మధుమేహము, మనవారు షుగరను జబ్బు, బయటపడెను. లావుపాటి వారికి వచ్చు జబ్బు నాకేల వచ్చినదని అడిగితిని. ఆ డాక్టరమ్మ, మఱల అదే ప్రశ్న వేసినది: “పుట్టినప్పుడు మీ బరువెంత?” ఇంటికి వచ్చి అవ్వనడిగితిని. నేను 1972 కఱవునాడు కడుపున బడితినట. చెఱువులు ఎండినవి. ఒక పూట గట్క, ఒక పూట గంజి. “నిన్ను చేటలో పరుండబెట్టిరి కొడుకా, చేటలో సగము గూడ నిండలేదు” అని ఆమె చెప్పినది. నాకున్న జనన రికార్డు ఇదియే. చేటలో సగము.

ఇక చరిత్రకు వత్తము. వ్యాధులు జనులలో ఎవరికి, ఎచ్చట, ఎప్పుడు, ఏల వచ్చుచున్నవని లెక్కలు గట్టి చూచు శాస్త్రము ఒకటి కలదు. కలరా, మశూచి, ప్లేగు వంటి అంటువ్యాధులతో అది పెరిగినది. కలరా వచ్చిన యిండ్లవారు ఏ బావినీరు త్రాగిరో విచారించిన చాలును, నేరస్థుడు దొరకును. నేరము జరిగినది నిన్ననో మొన్ననో గదా. గుండెజబ్బు, మధుమేహము, రక్తపుపోటు వంటి వాని విషయమున ఈ పద్ధతి కొంతవఱకే పనిచేసినది. తిండి, పొగాకు, కదలకుండుట, ఉప్పు అను కారణములు దొరికినవి. అవి నిజములే. కాని ఒకే తిండి తిని ఒకే పని చేయు అన్నదమ్ములలో ఒకనికి వచ్చి వేఱొకనికి రాకుండుటకు అవి పూర్తిగా సమాధానము చెప్పలేకపోయినవి.

ఇంగ్లండులో హర్ట్‌ఫర్డ్‌షైర్ అను జిల్లా కలదు. ఇరువదవ శతాబ్దారంభమున బోయరు యుద్ధమునకు సిపాయిలను చేర్చుకొనుచు, వచ్చిన యువకులలో అనేకులు బక్కచిక్కి యుండుట చూచి ఆ దేశపు పెద్దలు భయపడిరి. జాతి క్షీణించుచున్నదని గగ్గోలు పుట్టినది. అందులకై ఆ జిల్లాలో 1911 మొదలు ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అను ఆరోగ్యాధికారిణి యొక్క ఏర్పాటున మంత్రసానులు, దాదులు ప్రతిశిశువును పుట్టగానే తూచి బరువు వ్రాసిరి. ఏడాది నిండునప్పుడు మఱల తూచిరి. తల్లిపాలా, సీసాపాలా, పండ్లెన్ని వచ్చినవి, ఏ జబ్బులు చేసినవి, అన్నియు వ్రాసిరి. ఆ ఆడవారు వ్రాసినది ఆ శిశువుల క్షేమమునకే. తమ లెక్కపుస్తకములు ముప్పాతిక శతాబ్దమునకు ప్రపంచవైద్యమును తలక్రిందులు చేయునని వారు కలనైన ననుకొనియుండరు.

డేవిడ్ బార్కర్ అను వైద్యాచార్యుడును, ఆయన తోడివారును ఆ పుస్తకములను సంపాదించి, అందు పేర్లున్న మగపిల్లలు పెద్దవారై యేమైరో, ఎవరు ఎట్లు మరణించిరో జాడదీసిరి. 1911 మొదలు 1930 వఱకు పుట్టిన 5,654 మంది పురుషుల వివరములను 1989లో ప్రకటించిరి. పుట్టినప్పుడును, ఏడాదికిని బరువు తక్కువగా నున్నవారిలో గుండెజబ్బుచే చచ్చినవారు ఎక్కువగా నుండిరి. రెండేండ్లకు, 1991లో, అదే జిల్లా పుస్తకములనుండి మఱియొక సంగతి తేలినది. తక్కువ బరువుతో పుట్టినవారికిని, పసితనమున ఊపిరితిత్తుల జబ్బు చేసినవారికిని, ముసలితనమున ఊపిరిబలము తక్కువ. దీనిని చదివినప్పుడు నాకు బాపు జ్ఞప్తికి వచ్చెను. పట్టణపు వైద్యుని మూడవ ప్రశ్న ఎక్కడినుండి వచ్చినదో అప్పుడు తెలిసెను.

ఏల ఇట్లు జరుగును? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానము రైతులకు సులభముగనే తెలియును. కఱవునాడు చెఱువులో నీరు తక్కువైనపుడు నీరటివాడు అన్ని మళ్లకును సమానముగా పాఱింపడు. మొదట నారుమడి కాపాడును, తక్కినవి ఎండిన నెండును. గర్భస్థశిశువు దేహమును అట్లే చేయును. తల్లినుండి వచ్చు ఆహారము చాలనపుడు మెదడునకు ముందు పంచి, కండలకు, మూత్రపిండములకు, మధుమేహమును అదుపులో నుంచు ఇన్సులిను అను రసమును తయారుచేయు క్లోమమునకు తగ్గించును. శిశువు బ్రదుకును. కాని ఆ తగ్గించిన అవయవములు నలువదియేండ్లు బరువు మోయవలెను. కొఱతలో పెరిగిన యా దేహమునకు తరువాత సమృద్ధియైన తిండి వచ్చిపడినచో మోత మఱింత కష్టమగును.

ఇంగ్లండువారి మాట మనకేల యందురేమో. మైసూరులో క్రైస్తవ మిషనువారి హోల్డ్స్‌వర్త్ స్మారక వైద్యశాలలో 1934 మొదలు కాన్పుల పుస్తకములు భద్రముగా నుండినవి. అందు పేర్లున్న 517 మంది స్త్రీపురుషులను వెదకి పరీక్షించి 1996లో ఫలితములు ప్రకటించిరి. రెండున్నర కిలోలు, అంతకు తక్కువ బరువుతో పుట్టినవారిలో నూటికి 11 మందికి గుండెజబ్బు కానవచ్చెను. మూడు కిలోలకు పైబడి బరువుగా పుట్టినవారిలో నూటికి ముగ్గురికే. పూనా సమీపపు పల్లెలలో డాక్టరు యాజ్ఞిక్ గారు 1993 నుండి జరిపిన పరిశోధన నా వంటి సన్ననివారి చిక్కు విప్పినది. అచ్చటి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువులది 3.5 కిలోలు. మన శిశువులకు కండ తక్కువ, ఎముక తక్కువ, కాని చర్మము క్రింది క్రొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. చూపునకు సన్నము, లోపల క్రొవ్వు. నలువదిరెండేండ్ల నాటి నా సందేహమునకు ఇంతకు మించిన సమాధానము నాకు దొరకలేదు.

అయితే ఒక చిక్కు కలదు. పాత పుస్తకములు చూచి, చిన్నగా పుట్టినవారికి జబ్బు ఎక్కువ యని చెప్పుట ఒకటి. గర్భిణికి మంచి తిండి పెట్టినచో ఆమె బిడ్డకు జబ్బు తగ్గునా యన్నది మఱియొకటి. చిన్నగా పుట్టినవాడు బీదయింట పుట్టియుండును. పొగలో, మురికిలో పెరిగియుండును. బరువు తక్కువయే కారణమో, బీదతనమే కారణమో ఎట్లు తెలియును? తెలిసికొనవలెనన్న కొన్ని పల్లెలలో గర్భిణులకు, పసిపిల్లలకు తిండి పెట్టి, కొన్ని పల్లెలలో పెట్టక, ఆ పిల్లలు పెద్దవారగు వఱకు ఎదురుచూడవలెను. అంత ఓపిక ఎవరికున్నది? మన తెలుగుదేశమున ఉన్నదని తేలినది.

ఇచ్చట జాతీయ పోషకాహార సంస్థను గూర్చి ఒక మాట. దాని పుట్టుక 1918లో కూనూరులో, పాశ్చర్ సంస్థ యొక్క ఒక గదిలో. రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధి విచారణకై దానిని మొదలుపెట్టెను. ఆ వ్యాధి మన సర్కారు జిల్లాలలో మరపట్టిన బియ్యము తినువారిని పీడించుచుండెను. 1958లో ఆ సంస్థ హైదరాబాదునకు తరలివచ్చినది, 1969లో నేటి పేరు వచ్చినది. జొన్నలే ముఖ్యాహారమైన మన పల్లెలలోని పెల్లాగ్రా వ్యాధిపై డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకంటయ్య గార్లు చేసిన పరిశోధన 1960లో వెలువడి పేరుగాంచెను. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీటివలన పిల్లల మోకాళ్లు వంకరపోవుటను ఆ సంస్థవారే 1970 దశాబ్దమున పరిశోధించిరి. ఆ ఫ్లోరైడు కథ మన విషయమునకు దూరముగాదు. పండ్లు చిగుళ్లలో తయారగు పసివయస్సున ఆ నీరు త్రాగినవానికే పండ్లపై గోధుమమచ్చలు పడును. పండ్లన్నియు వచ్చిన తరువాత ఆ యూరికి కోడలుగా వచ్చిన యామె అదే బావినీరు త్రాగినను ఆమె పండ్లు తెల్లగనే యుండును, ఆమె ఎముకలు మాత్రము కాలక్రమమున బిగుసుకొనవచ్చును. ఎంత త్రాగితిమన్నదేగాక ఎప్పుడు త్రాగితిమన్నదియు లెక్కయే.

1975 అక్టోబరు 2వ తేదిన కేంద్రప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ప్రారంభించెను. మీ యూరి అంగన్‌వాడి దాని బిడ్డయే. ఆ పథకము దేశమంతట ఒక్కమాఱుగా రాలేదు, ఒక ప్రాంతము తరువాత ఒక ప్రాంతమునకు వ్యాపించెను. రంగారెడ్డి జిల్లాలో ఒకదాని ప్రక్క ఒకటిగా నున్న రెండు ప్రాంతములలో ఒకదానికి పథకము వచ్చినది, రెండవదానికి ఇంకను రాలేదు. పోషకాహార సంస్థవారు ఈ సందర్భమును విడువలేదు. 1987 మొదలు 1990 వఱకు, పథకము వచ్చిన 15 పల్లెలను, రాని 14 పల్లెలను, మొత్తము 29 పల్లెలను పరిశీలనకు తీసికొనిరి.

పెద్దలలో ఎవరైన నన్ను ఆపి, ఆ పదునాలుగు పల్లెల గర్భిణులకు అన్నము పెట్టకుండుట న్యాయమా యని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఉన్న తిండిని ఎవరియొద్దనుండియు తీసివేయలేదు. పథకము క్రమముగా వచ్చుచుండెను, ఆ పల్లెలకు వరుస ఇంకను రాలేదు. పరిశోధకులు చేసినది ఆ ముందువెనుకలను గమనించి వ్రాసికొనుట.

పెట్టిన తిండి యేమన, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయానూనె వేసి వండిన ఉప్మా. దినమునకొకమాఱు గర్భిణికిని, పాలిచ్చు తల్లికిని సుమారు 500 కేలరీలు, 20 నుండి 25 గ్రాముల మాంసకృత్తులు చేరునట్లు, ఆఱేండ్లలోపు పిల్లలకు సుమారు 300 కేలరీలు, 8 నుండి 10 గ్రాముల మాంసకృత్తులు చేరునట్లు పెట్టిరి. దానితోపాటు టీకాలు, గర్భిణుల పరీక్షలు, ఆరోగ్యబోధన. ఉప్మా రుచిగా నుండెనో లేదో ఏ నివేదికయు చెప్పదు. మక్కపిండి ఉప్మాను మా అవ్వ యైతే రెండవ దినముననే దూడకు పెట్టియుండెడిది. కాని ఆకలిగొన్న యిల్లాండ్రు తినిరి, బిడ్డలను కనిరి. పరీక్షాకాలము ముగిసెను. లెక్కపుస్తకములు బీరువాలో చేరెను.

పదుమూడేండ్లకు, 2003 నుండి 2005 వఱకు, ఆ పల్లెలకు మఱల మనుష్యులు వచ్చిరి. లండను నగరపు ఆరోగ్య, ఉష్ణమండల వైద్య విద్యాలయమునకు చెందిన సంజయ్ కిన్రా గారును, పోషకాహార సంస్థకు చెందిన కె.వి. రామేశ్వరశర్మ గారును, మఱికొందఱును కూడి, ఆనాడు పుట్టిన పిల్లలను వెదకిరి. 13 నుండి 18 యేండ్ల వయస్సుగల 1,165 మందిని పరీక్షించిరి. ఎత్తు, బరువు, రక్తపుపోటు, రక్తములోని చక్కెర, క్రొవ్వు, రక్తనాళముల బిగువు, అన్నియు కొలిచిరి. రక్తనాళముల బిగువు అనగా నేమో చెప్పెదను. క్రొత్త రబ్బరు గొట్టము సాగి ముడుచుకొనును, ఎండకు ఎండిన గొట్టము బిగుసుకొని పోవును. మన నాళములును వయస్సుతో బిగుసుకొనును. ఎంత త్వరగా బిగుసుకొనునో గుండెకు అంత శ్రమ.

ఫలితము 2008లో బ్రిటిషు వైద్యపత్రికలో వెలువడెను. తిండి పెట్టిన పల్లెల పిల్లలు తక్కినవారికంటె సగటున 14 మిల్లీమీటర్లు, అనగా అరయంగుళము, పొడవు. ఇన్సులినునకు దేహము లొంగకపోవుటను తెలుపు లెక్క వారిలో నూటికి 20 పాళ్లు తక్కువ. రక్తనాళముల బిగువు నూటికి 3 పాళ్లకు పైగా తక్కువ. రక్తపుపోటులోను, రక్తపుక్రొవ్వులలోను చెప్పదగిన భేదము కానరాలేదు. అరయంగుళము! వినుటకు అల్పముగ నున్నది. దానికంటె నన్నాకర్షించినది రెండవ మాట. తల్లికడుపులో నున్నప్పుడును, అంగన్‌వాడిలో కూర్చున్నప్పుడును తిన్న ఉప్మా ప్రభావము పదునైదేండ్ల తరువాత రక్తనాళములో కొలతకు దొరకినది. చరిత్రాధ్యాపకునిగా నేను చూచిన శాసనములలో ఇంత మృదువైన ఱాతిపై వ్రాసినది వేఱొకటి లేదు.

ఇచ్చటనే నిజము చెప్పవలెను. పల్లెలను చీట్లువేసి విభజింపలేదు. రెండు ప్రాంతములకును ముందే ఏవైన భేదములుండియుండవచ్చునని పరిశోధకులే ఒప్పుకొనిరి. ఊరు విడిచిపోయినవారు లెక్కకు రాలేదు. అంతేగాక ఆ పిల్లలు ఇరువదియేండ్లు దాటిన తరువాత మఱల పరీక్షించి 2020లో ప్రకటించిన ఫలితములలో గుండె, రక్తనాళముల విషయమున ఆ మేలు స్పష్టముగా నిలిచినట్లు కానరాలేదు. ఒకసారి వెలుగుచూచిన ఫలితము తరువాత మసకబాఱుట శాస్త్రమున క్రొత్తగాదు. మొదటి ఫలితమును పత్రికలలో చాటి, రెండవదానిని మఱుగుపఱచుట మాత్రము నాకు నచ్చని పని. కనుక రెంటిని మీ ముందుంచితిని. మఱి ఉప్మా వృథాయైనదా? కాలేదనుటకు వేఱు సాక్ష్యమున్నది. ఆర్థికశాస్త్రజ్ఞులు అవే పల్లెల లెక్కలు తీసికొని చూచినపుడు, పథకము వచ్చిన పల్లెలలో పుట్టిన పిల్లలు బడిలో ఎక్కువ తరగతులు చదివిరి. ఇరువదియేండ్లు దాటిన వయస్సున వారిలో ఇంకను పెండ్లి కానివారు ఎక్కువగా నుండిరి. గుండె కొఱకు పెట్టిన లెక్క చదువు దగ్గర పండినది.

2010 మొదలు 2012 వఱకు ఆ పిల్లలనేగాక వారి తల్లిదండ్రులను, తోబుట్టువులను గూడ చేర్చుకొని, ఆఱువేలకు పైబడిన జనమును పరీక్షించిరి. అప్పటినుండి దానికి ఆంధ్రప్రదేశ్ పిల్లల, తల్లిదండ్రుల అధ్యయనమను పేరు నిలిచినది. 2014లో ఆ పల్లెలు తెలంగాణ రాష్ట్రములోనివైనను పేరు మాత్రము మాఱలేదు. ఈలోపల నగరము ఆ పల్లెలపైకి ప్రాకినది. తల్లులు గంజి త్రాగిన యిండ్ల ముందఱ దుకాణములు వెలసినవి. కొఱతలో పుట్టి సమృద్ధిలో పెరుగుట యను వింతను చూచుటకు ఇంతకంటె తగిన చోటు అరుదు.

మా బొగ్గుప్రాంతమునకు తగిన మఱియొక కథ చెప్పి ముగించెదను. ఇంగ్లండు ప్రక్కనున్న వేల్సు దేశమున రోండా అను బొగ్గులోయ కలదు. 1950 దశాబ్దారంభమున ఆర్చి కోక్రేన్ అను వైద్యుడు ఆ లోయలోని గని కార్మికులను, వారి యిండ్లవారిని, కాలు కదపలేని ముసలివారిని సైతము ఎక్స్‌రే తీయించుటకు పూనుకొనెను. నూటికి తొంబదిమందికి మించి వచ్చిరి. వచ్చినవారిని మాత్రము లెక్కించిన, రానివారిలోనే రోగులుందురేమో యను సంశయము మిగులునని ఆయన పట్టుదల. బొగ్గుధూళివలన ఊపిరితిత్తులు బిగుసుకొను జబ్బును, క్షయను విడదీసి చూచుట ఆయన ఉద్దేశ్యము. దశాబ్దముల తరువాత గూడ ఆ మనుష్యులే వెదకబడిరి, ఎవరు బ్రదికిరి, ఎవరు పోయిరి, ఏ జబ్బుతో పోయిరి యని. అచ్చట గనులు మూతబడినవి. లెక్క మాత్రము సాగినది.

మావైపు ఐదేండ్ల పరీక్షల కాగితములు ఉన్నవి. రోండాలో ఉన్నటువంటివే. లేనివి హర్ట్‌ఫర్డ్‌షైర్ దాదుల పుస్తకములు. ఈనాడు కాన్పు వైద్యశాలలో జరుగుచున్నది, ఆశా కార్యకర్త తిరుగుచున్నది, తల్లీబిడ్డల కార్డుపై బరువు వ్రాయుచున్నారు. ఆ కార్డు బిడ్డ బడికి పోవు వఱకు ఇంట నుండుట అరుదు. టీకాలు అయిపోగానే అది చూరులోకి పోవును, వానకు తడియును, పిల్లలు పడవ చేసి విడుతురు. మా మనుమరాలి కార్డును నేను తీసికొని, బాపు ఎక్స్‌రేలున్న ఇనుపపెట్టెలో పెట్టితిని. అందు 2 కిలోల 800 గ్రాములని యున్నది. కోడలు, “మామయ్యా, ఇదెందులకు?” అని నవ్వినది. మూడవ ప్రశ్న అడుగు వైద్యుడు ఆమెకు ఏ యేట తటస్థపడునో నాకు తెలియదు, నేను ఆనాటికి ఉండను గూడ.

ఆ యిరువదితొమ్మిది పల్లెల బిడ్డలలో మొదట పుట్టినవారికి 2037లో ఏబదియేండ్లు నిండును, కడపట పుట్టినవారికి 2040లో. గుండెజబ్బు తన లెక్క చెప్పు వయస్సు అది. ఉప్మా తిన్న పల్లెలలో ఎందఱు, తినని పల్లెలలో ఎందఱు అను మాటకు పూర్తి సమాధానము అప్పటికి గాని రాదు.